పదకొండో ఉత్తరం

వకీలు పంపిన కాగితంల ఒకటే ప్రశ్న:
డాక్టర్ నుస్రత్‌కు ఉన్న అసాధారణ ప్రతిభ ఏంది?
పది మంది ప్రొఫెసర్లు రాసిన్రంట, పదకొండోది నేనట.
లింగస్వామి, బోర్ల మెకానిక్,
చండూరు, నల్లగొండ జిల్లా.

ఏం రాయాలె?
ముప్పై ఏడు ఊర్ల నీళ్లు సీసాలల్ల పట్టింది,
మూతమూత మీద ఊరి పేరు, బోరు లోతు, తారీఖు.
ఇంతే గదా అంటరు.
మా వాడకట్టు బోరుకు ఎర్ర రంగు పూయాలన్ననాడు
బిందెలు పట్టుకొని ఆడోళ్లు మీదికొచ్చిన్రు.
నా చేతిల డబ్బా గుంజుకొని
తనే పూసింది. చున్నీకంటిన మరక
మల్ల పోలే.

ఇంకోటి రాయాల్నా వద్దా అని ఆగిన.
మా మేనత్త ఎల్లవ్వకు మెడ తిరగదు,
పిలిస్తే ఒళ్లంత తిప్పాలె.
నుస్రత్ ఎన్నడూ పక్కకెళ్లి పిలువలే,
ఎదురుంగ పోయి కూసున్నంకనే మాట.
గిది ప్రతిభ కిందికొస్తదో రాదో
వకీలే చూసుకోవాలె.

సంతకం పెట్టిన.

మొన్న రాత్రి ఫోను: "కాకా, కార్డొచ్చింది.
శాశ్వత నివాసిని."
మంచిదే బిడ్డా అన్న.
శాశ్వతంగ ఉండిపోయేది
మోకాలి చిప్పలల్ల ఫ్లోరైడ్ ఒక్కటే అనుకున్న ఇన్నేండ్లు.
నవ్విందో ఏమో, లైన్ల చప్పుడు.
జరంతసేపటికి అడిగింది:
"బోరు మీద రంగు ఉన్నదా, ఎలిసిందా?"

తెల్లారి పోయి చూడాలె.