చీకే తాడు

గర్గూర్ అంటే ఇనప తీగల బుట్ట,
బోర్లించిన పెద్ద గంప లాంటిది.
లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు.
సిత్రా రేవులో దిగిన రోజే
హాజీ మకీ నా చేతిలో తీగ చుట్ట పెట్టాడు.
వల అల్లిన వేళ్లకి తీగ తొందరగానే లొంగింది.
చేపలు తీసే తలుపుకి మాత్రం
మా భావనపాడు ముడి వేశాను:
రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి.

మకీ ఒకప్పుడు నీళ్లకేసి చూసి లోతు చెప్పేవాడట.
ఇప్పుడు చూసి ఊరుకుంటాడు.
ఉత్తరాన కొత్త దీవి లేస్తోంది.
ఇసక పీల్చే ఓడ రాత్రంతా దగ్గుతుంది,
సాఫీ చేపలు మేసే గడ్డి మీద
సున్నంలా మట్టి దిగుతుంది.
ఆ దీవిలో సముద్రం కనిపించే గదికి రేటెక్కువట.
మా రూములో ఉండే గరికిన పోలయ్య
అక్కడే టైల్స్ వేస్తాడు.
జీతం నాకన్నా ముప్పై దినార్లు ఎక్కువ.
వాడినేమనను?

మకీ వాళ్ల నాన్న
మేకతోలు తిత్తి పట్టుకుని మునిగేవాడట,
ఉప్పునీళ్ల అడుగున మంచినీటి ఊట ఉండేదట.
ఇప్పుడు ఒడ్డున ప్లాంటుంది.
సముద్రాన్ని తాగి, తీపి మాకిచ్చి,
ఉప్పంతా వేడివేడిగా దానికే కక్కుతుంది.
ఆ గొట్టం దరిదాపుల్లో పీత కూడా నిలవదు.
నా సీసాలో ఉన్నవి ఆ నీళ్లే.

ఆగస్టులో సముద్రం వార్చిన గంజి.
దొరికిన ఒక్క హమూరూ
నా మోచేతి పొడుగు లేదు, ఇంకా గుడ్డు పెట్టని పిల్ల.
మకీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.
డీజిల్ బాకీ గుర్తొచ్చింది కాబోలు,
ఐసులో వేశాడు.

నిన్న కొక్కేనికి బరువు తగిలింది.
తాడు తెగి ఎప్పుడో పోయిన గర్గూర్.
లోపల ముళ్లు, ముళ్ల మీద ముళ్లు.
చచ్చింది ఎరయ్యింది,
ఎర కోసం వచ్చింది చచ్చింది.
లాగేవాడు లేడు, కొనేవాడు లేడు,
అయినా వేట ఆగలేదు.
పక్క రేవు వాళ్లదే అని మకీ తిట్టాడు.
నేను తలుపు దగ్గర నాచు గీకాను.

రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి.

నాలుగేళ్లు.
మధ్యలో నేను రెండుసార్లు ఊరెళ్లొచ్చాను,
అది సెలవు తీసుకోలేదు.
విప్పబోయాను.
మా అయ్య వెయ్యడమే నేర్పాడు.

సాయంత్రం కొత్త తీగ వచ్చింది,
శుక్రవారానికి ఇరవై కావాలన్నాడు మకీ.
బుట్టంతా తీగతోనే అల్లాను,
తలుపు మాత్రం నూలు తాడుతో కట్టాను.
మకీ వేలితో లాగి చూశాడు.
"ఇది ఉప్పుకి ఆగదు, ఏడాదికి చీకిపోతుంది."

ఆగదు, అన్నాను.