సొట్ట ఉండనివ్వండి

బల్లారట్‌లో జూలై చినుకు.
పాత కార్ల యార్డులో రంగుజెండాలు
తడిసి కర్రలకి అంటుకుపోయాయి.
గంట పాఠానికిచ్చే డబ్బులే ఇచ్చి
ట్రాన్ గారిని తోడు తెచ్చుకున్నాను:
నాకు స్టీరింగ్ పట్టడం నేర్పిన మనిషి,
రెండుసార్లు ఫెయిలైనప్పుడు
ఏమీ అనకుండా
ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చిన మనిషి.

నాకు నలభై మూడేళ్ళు,
నా లైసెన్సుకి పదకొండు వారాలు.
క్రెస్విక్ వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
ఆ వేళకి బస్సులుండవు, కంగారూలుంటాయి.
మంచాల మీంచి మనుషుల్ని ఎత్తీ ఎత్తీ
నా నడుముకి దానిదంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది.
డబ్బులిచ్చేది నేనే గాని
ఒప్పుకోవాల్సింది అది.

మొదటిది ఎర్రది.
పెళ్ళిపీట మీద కూర్చున్నట్టే ఉంది,
లేవాలంటే ఇద్దరు పేరంటాళ్ళు చెయ్యందించాలి.

రెండోది పెద్దది. అంతా తోలు, అంతా తళుకు.
వెనక్కి తీస్తే కూసింది, గీత తాకితే కూసింది,
బెల్టు పెట్టుకునేలోపు మూడుసార్లు కూసింది.
టెన్తు లెక్కల పరీక్షలో నా వెనకే నిలబడ్డ మాస్టారు
ఇన్నేళ్ళకి మళ్ళీ దొరికినట్టయింది.
చేతుల చెమట స్వెట్టరుకి తుడుచుకుని దిగిపోయాను.

"చూసి కొనండి," అన్నారు ట్రాన్ గారు,
"ఇక్కడ మోసపోయి కొన్న కారుని నిమ్మకాయ అంటారు."
నవ్వాపుకోలేకపోయాను.
మాది గూడూరు, నిమ్మకాయల మార్కెట్టున్న ఊరు.
కాయ తొక్కించందే
కొత్త బండి గుమ్మం ముందునుంచి కదలదు.
ఒకచోట రక్ష, ఒకచోట శిక్ష,
పులుపు మాత్రం ఒకటే.

కంచె పక్కన మూడోది.
ఉడికిన బంగాళాదుంప రంగు.
పదిహేనేళ్ళది, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది,
లోపల ఎవరిదో కుక్క వాసన ఇంకా తిరుగుతోంది.
సీటు పక్కన చిన్న మీట.
బోరింగు కొట్టినట్టు కొడుతుంటే
నీళ్ళు పైకొచ్చినట్టు
కొంచెం కొంచెంగా నేను పైకొచ్చాను.
ఐదో దెబ్బకి
బానెట్టు చివర కనబడింది.

ఇన్నాళ్ళూ ముందేముందో
నమ్మకం మీద నడిపాను.
ఇప్పుడు ఇదిగో, నేను ఇక్కడిదాకా,
అక్కణ్ణించి లోకం.
హాయి అంటే దూది అనుకునేదాన్ని.

చెరువు చుట్టూ ఒక తిప్పు తిప్పాను.
నల్లహంసలు గట్టెక్కి రోడ్డు దాటుతుంటే ఆగాను.
వెనక ట్రక్కువాడు హారన్ కొట్టాడు, కొట్టనీ.
నడుము నోరెత్తలేదు.
పక్క సీట్లో ట్రాన్ గారి కాలు
తన కారులో అలవాటైన రెండో బ్రేకు కోసం
చాప మీద తడుముతూ వచ్చింది,
మూడో మలుపు తర్వాత
తడమడం మానేసింది.
అది నేను చూశానని ఆయనకి తెలియదు.

తిరిగొచ్చాక అమ్మే కుర్రాడు బ్రెట్
తనంతట తనే ఎడం వెనక తలుపు చూపించాడు:
అరిచేతంత సొట్ట, ఏ స్తంభం ముద్దో.
"శుక్రవారానికి నున్నగా చేసిస్తాం, ఊరికే."
వద్దన్నాను. ఉండనివ్వండి.
నా వైపు వింతగా చూశాడు.
పసిపిల్ల బుగ్గన కాటుకచుక్క ఎందుకో
అతనికి ఏ భాషలో చెప్పను?
అదొక్కటే కూడా కాదు.
ఈ కారు మీద జరగాల్సిన మొదటి తప్పు
ఎవరో పుణ్యాత్ములు ముందే చేసేశారు.
నా వంతుకొచ్చేది రెండోది.
రెండోదానికి చేతులు అంత వణకవు.

సొట్ట పేరు చెప్పి మూడొందల డాలర్లు తగ్గించుకున్నాను,
అది వేరే సంగతి.

శనివారం, సూపర్‌మార్కెట్టు పార్కింగులో ఒక మూల,
వెనక అద్దానికి ఆకుపచ్చ పి బిళ్ళ,
నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు.
ట్రాన్ గారు ఎదురుగా నిలబడి
పాఠంలోలాగే చెయ్యూపారు:
రండి, నెమ్మదిగా, ఇంకా చోటుంది.
మూడు చితికాయి.
నాలుగోది తప్పించుకుని ట్రాలీల కిందికి దొర్లిపోయింది.
ఆయన వంగి తీసి, ప్యాంటుకి తుడిచి,
జేబులో వేసుకున్నారు,
టీలోకి.