ఫిల్ములో పడనిది

కావలి ట్రంకు రోడ్డులో, ఏడు మెట్లు దిగితే వచ్చే గదిలో
పందొమ్మిదేళ్ళుగా ఎముకల ఫొటోలు తీస్తున్నాను.
నిన్న జువ్వలదిన్నె నుంచి పామంజి కావమ్మ వచ్చింది.
ముందు నీచు వాసన, వెనకాల నెమ్మదిగా ఆమె.

బల్ల మీద పడుకుని
"ఊపిరి బిగబట్టాల్నా సామీ?" అంది.
మోకాలికి అక్కర్లేదన్నా. అయినా బిగబట్టింది.

ఫిల్ము వెలుగుకి పెట్టా.
ఎముక తెల్లగా పడుతుంది, గుజ్జు పడదు.
రెండెముకల నడుమ ఒక నల్ల సందు,
అదొక్కటే దాని ఆనవాలు.
కావమ్మ మోకాల్లో సందు లేదు.
పోటు తీసేశాక పడవ అడుగు ఇసకనానినట్టు
ఎముక ఎముకని ఆనింది.

"ఇన్నాళ్ళూ నొప్పెందుకు లేదు మరి?"
కోపంగానే అడిగింది.
దాన్లో నరం లేదు కావమ్మా. నెత్తురూ అక్కడికి పోదు.
నువ్వు కూర్చుని లేచినప్పుడల్లా
చుట్టూ ఉన్న నీటిని స్పాంజిలా పీల్చి బతికింది.
అరిగేటప్పుడు అరవదు,
అరిగినాక మళ్ళీ మొలవదు.

ఆమె బావిలీ ఉన్న చెవి అంచుని మడిచి వదిలింది.
అది టక్కున లేచి నిలబడింది.
"ఇదీ అదేనా?"
ఆ జాతే, కాకపోతే సాగే పోగులున్నాయి.
నెత్తిన తడిగంప పెట్టినన్నాళ్ళూ
వెన్నుపూసల మధ్య నలిగింది మోకులా పేనిన రకం.
చేపలో అని వీధంతా కేకేస్తావే,
ఆ గాలిగొట్టం మూసుకోకుండా పట్టుకున్న కమ్ములు మాత్రం
నీ మోకాలి గుజ్జుకి సొంత తోబుట్టువులు.

"సొరకి ఒళ్ళంతా ఇదే గదా," అంది,
"నలభై ఏళ్ళు కోశా, కత్తికి ఒక్క ఎముకా తగల్లా.
సముద్రమంతా తిరిగిద్దే, దానికెందుకు అరగదో!"
నాకు తెలియదు.
"గంప మొయ్యదులే," తనే నవ్వింది.

పోతూ పోతూ సంచిలోంచి పాత ఫిల్ము తీసింది.
పదకొండు నెలల మనవరాలు మంచం మీంచి పడ్డప్పటిది,
తీసింది నేనే.
"దీంట్లో మోకాలిచిప్పే లేదు.
ఆ పొద్దు అడగాలంటే భయమేసింది."
ఉంది. ఇంకా ఎముక కాలా.
ఇంకా సొరలాగే ఉంది.

రెండింటినీ పక్కపక్కన పట్టుకుని చూసింది.
ఒకదాంట్లో సందు లేదు,
ఒకదాంట్లో అంతా సందే.

ఒకే కవర్లో పెట్టుకుని
మెట్లెక్కడానికి నా భుజం అడిగింది.