మూడో ఫ్రీజరు, ఏడో అర

జనవరిలో యోయెన్సూకి
తొమ్మిదిన్నర దాటితే గానీ వెలుతురు రాదు.
అప్పటికే నేను నేలమాళిగలో ఉంటాను.
మందపాటి నీలం తొడుగులు, మూడో ఫ్రీజరు, ఏడో అర.
సున్నాకి ఎనభై డిగ్రీలు కింద.
నదిని గడ్డకట్టించిన బయటి చలి
దీని పక్కన పసిపిల్ల.

ఇరవై రెండేళ్ళ నాటి రక్తం.
ఎర్రదనం అప్పుడే తీసేశాం, మిగిలింది
ఎండుగడ్డి రంగులో నాలుగు చుక్కలు.
గొట్టం మీద అంకె ఉంటుంది. పేరుండదు, ఉండకూడదు.
నాలుగు వందల పదిహేడు.
కానీ ఏడుకి అలా అడ్డంగా, కొంచెం వంకరగా
గీత గీసే చెయ్యి నాదే.
ఆ రోజు సూది గుచ్చిందీ నేనే.

ఎన్సియో తుర్పెయినెన్.
తొమ్మిదో ఏట నుంచీ చక్కెర జబ్బు.
చలికాలమంతా పీలినెన్ సరస్సు మీద
మంచుబాటకి కాపలాదారు.
చీకటుండగానే వెళ్ళి, కిలోమీటరుకోచోట బర్మాతో తొలిచి
కొలకర్ర దించేవాడు.
నలభై సెంటీమీటర్లుంటే మూడు టన్నుల బండికి దారి.
తగ్గితే గొలుసు అడ్డం.
"పైనుంచి అంతా ఒకటే తెలుపు,"
చొక్కా చెయ్యి మడుస్తూ అనేవాడు,
"తొలిస్తే గానీ తెలీదు."

మూడేళ్ళకోసారి మా పరిశోధనకి రక్తమిచ్చేవాడు.
ఉప్పు లైకోరైస్ బిళ్ళల డబ్బా నా బల్ల మీద పెట్టి
"నా మందమెంత?" అని అడిగేవాడు.
క్రియాటినిన్ డెబ్బై ఎనిమిది.
మూత్రంలో ఆల్బుమిన్ లేదు.
డాక్టరమ్మ సంతకం పెట్టింది.
నేను బిళ్ళ చప్పరించాను.

సగం జల్లెడ చిరిగేదాకా
క్రియాటినిన్ నోరు విప్పదని
మేం చదువుకున్నదే.
అయినా మా దగ్గరున్న కొలకర్ర అదొక్కటే.

ఇవాళ గొట్టాన్ని మంచు పళ్ళెంలో నిలబెట్టి
మెల్లగా కరగనిచ్చాను.
కొత్త యంత్రం వేరే వాటిని వెతుకుతుంది.
ఒంట్లో రాజుకునే వాపు కబురుని
అందుకునే రిసెప్టర్లు,
కణాల అంచు నుంచి తెగి నెత్తుట్లో తేలే వాటి ముక్కలు.
పదకొండింటికి తెర మీద అంకె పడింది.
ఉండాల్సిన దానికి రెండింతలు.
ఆ రోజే.
బిళ్ళ చప్పరించిన రోజే
చాప కింద నీరు.

సోమ, బుధ, శుక్రవారాలు
అతను ఇదే భవనంలో నాలుగో అంతస్తు,
కిటికీ పక్క కుర్చీ, నాలుగు గంటలు.
పైన అరవై రెండేళ్ళ రక్తం
యంత్రంలోకి పోయి తిరిగొస్తోంది.
కింద నలభై ఏళ్ళ రక్తం నా చేతిలో.
మధ్యన ఒక లిఫ్టు.

చెప్పకూడదు. అంకెకి పేరు అంటించకూడదు.
చెప్పి మాత్రం ఏం చెయ్యను?
అప్పుడు తెలిసినా
ఇవ్వడానికి ఇప్పటి మందులు లేవు.
ఇలా అనుకుంటూనే మీట నొక్కాను.

ఎన్సియో నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తాడు.
కుడి చేతికి సూదులు.
బిళ్ళలు మాన్పించారట. ఖాళీ డబ్బా మాత్రం
ఇంకా జేబులోనే పెట్టుకుంటాడు.
ఈ ఏడు బాట తెరవలేదని చెప్పాడు,
ఇరవై రెండు సెంటీమీటర్లే, నడిచేవాళ్ళకి సరి.
తమ్ముడి మనవరాలు పిహ్లాకి పదకొండేళ్ళు,
దానికీ ఇదే జబ్బు, దాని రక్తమూ మీరే తీశారటగా.
తర్వాత ఎందుకో పాత ట్రాక్టరు కథ ఎత్తుకున్నాడు.
డ్రైవరు దూకి బతికాడు, ట్రాక్టరు మునిగింది.
మునిగిన చోటు చుట్టూ దేవదారు కొమ్మలు పాతాం.
"ట్రాక్టరుకి వాటితో ఏం పని," అని నవ్వాడు,
నవ్వుతూనే నిద్రపోయాడు.

నా మందమెంత అని ఈసారి అడగలేదు.

కిందికొచ్చి గళ్ళలో అంకె ఎక్కించాను.
ఏడుకి అడ్డగీత.
తర్వాతి గొట్టం తీశాను.
నాలుగు వందల పద్దెనిమిది.
ఇదెవరిదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.