శుభం పడకముందే

మా ఈదమ్మ చిన్నమ్మ
ఏ సినిమాలనూ పెండ్లి చూడలె.

మిర్యాలగూడల ఫస్ట్ షో ఇడిసేది తొమ్మిదింబావుకు,
నేరేడుచర్ల లాస్ట్ బస్సు తొమ్మిదింటికి.

శనివారం బట్వాడా కొంగున ముడేసుకొని
రైసుమిల్లు తవుడు ఇంకా రాలుతున్న తలలతో
ఆరుగురు ఆడోళ్లు, నడుమ నేను,
బెంచీల మీద కాళ్లు పైకి పెట్టుకొని కూసునేటోళ్లం.
తెర మీద పూలమ్మే పిల్ల.
కారు దిగే మిల్లు ఓనరు కొడుకు.

కథ వాళ్లకు ముందే ఎరుక.
బఠానీలు నములుకుంట చెప్పేటోళ్లు:
"ఇగ తల్లి ఒప్పుకోదు సూడు."
ఒప్పుకోకపోయేది.
"ఇగ పిల్ల ఊరిడిసి పోతది."
పోయేది.
మిల్లుకు పోయే తొవ్వ
తెల్వకనా రోజూ నడుస్తం?

సరిగ్గ తల్లి మనసు కరిగే జాగల
చిన్నమ్మ చీకట్ల చెప్పులు దేవులాడేది.
వెనుక మేళం మోగుతుండంగ,
గోడ అవుతల ఎవరి మెడలనో తాళి పడుతుండంగ
మేం బస్టాండు దిక్కు ఉరికేటోళ్లం.

మిగిలిన కథ బస్సుల.
అద్దం లేని కిటికీ పక్కన కూసొని
చిన్నమ్మ పెండ్లి జేసేది.

ఒకదాంట్ల కొత్త కోడలు
బంగ్లాల అడుగుపెట్టి నగలడగలె, కాంటా అడిగింది.
తట్ట బోర్లించి
అడుగున అతికిచ్చిన చింతపండు ముద్ద
గోరుతోని గీకి మామకు చూపింది.
ఇంకోదాంట్ల పిలగాడే వచ్చిండు అత్తగారి వాడకు.
కాళ్లు కడుగ నీళ్లడిగితే
ట్యాంకరు రేపొస్తదన్నరు.
తెల్లారిందాక బూట్లతోనే
నులకమంచం మీద కూసున్నడు పాపం.
బస్సంత నవ్వింది.
కండక్టరు చిల్లర మరిచిండు.

"అసొంటోడు నిజంగ వస్తడా చిన్నమ్మా?"
"యాడొస్తడు బిడ్డా!
నూరు మందిల ఆ పిల్ల కాడ కారాగుతది సూడు,
ఆ ఆగుడు సూడనీకి పోతం."
మా తొవ్వల
పంచరైతే తప్ప ఏదీ ఆగకపోయేది.
మూటలు కనవడితే
ఎర్రబస్సు సుత దూరం పోయి ఆగేది,
ఉరికించనీకి.

ఒక వానరాత్రి కరెంటు పోయింది, రీలు తెగింది.
తడుసుకుంట వచ్చేసరికి తొమ్మిదిన్నర.
బస్సున్నది.
లైట్లేసుకొని, ఇంజను గురగురమనుకుంట.
డ్రైవరు సాయిలు ఏమనలె,
అద్దం తుడుసుకుంట కూసున్నడు.
ఆ రాత్రి ఎవ్వరూ సినిమా కథ చెప్పలె.

తర్వాతి శనివారం
ముత్తవ్వ తవుడు దులుపుకొని, తలకు నూనె పెట్టుకొని
డ్రైవరు ఎనుక సీట్ల కూసున్నది.
ఏం కాలె.
ఆయనకు పెండ్లాం పిల్లలున్నరు.
రెండు నెలలకు వేరే రూటు పడ్డది.
ముత్తవ్వ మాత్రం ఆ సీటు ఇడువలె.

ఇప్పుడా టాకీసు వడ్ల గోదాం.

మొన్న ఫోన్ల దొరికిందా పూలపిల్ల సినిమా.
చిన్నమ్మ కండ్లద్దాలు తుడిచి ఇచ్చి
చివరిదాక చూపిచ్చిన.
దండలు. అక్షింతలు.
అందరూ ఒక వరుసల నిలవడి నవ్విండ్రు,
పగోళ్లు గూడ.
శుభం.

ఆమె ఫోన్ అటుతిప్పి ఇటుతిప్పి చూసింది.
వెనుక ఇంకేమన్న ఉన్నదేమోనని.

"ఇంతేనా?" అన్నది.
"మరి ఆ పిల్ల గంప ఏమాయె?
పూలోనికి బాకీ కట్టిందా, లేదా?"