జిగురు ఆరేదాకా

రౌమాలో మార్చి నెలాఖరు.
చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు
తౌనో బండి వెనక చక్రం పై కమానుని తినేసింది.
స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే
అటుకుల్లా రాలింది రేకు.

ముప్పై ఏళ్ళు ఓడలకి వెల్డింగ్ చేసినవాడు.
ఇప్పుడు చెయ్యి వణుకు.
వణికే చేతికి నిప్పిస్తే
పల్చటి రేకు జల్లెడవుతుంది,
పైగా జానెడు దూరంలో పెట్రోలు ట్యాంకు.

అందుకే జిగురు.
తెల్లగా మెరిసేదాకా గీకాడు, స్పిరిట్‌తో తుడిచాడు,
రెండు గొట్టాల ముద్దని ఒకే రంగయ్యేదాకా కలిపి
కొత్త రేకు అదిమి
పదకొండు క్లాంపులు బిగించాడు.

రవ్వలు లేవు. నీలి వెలుగు లేదు.
ముసుగు మేకుకే వేలాడుతోంది.

"గుమ్మం కింది దూలం మాత్రం అంటించకు,
అది బండికి వెన్నెముక" అంది ఇర్మెలి,
తనిఖీ కేంద్రంలో
సుత్తితో తట్టి తట్టి రిటైరైన మనిషి.
"దానికి కుర్రాణ్ణి పిలుస్తాలే" అన్నాడు,
ఆమె వైపు చూడకుండా.

ఇక రేపటిదాకా పనేమీ లేదు.
అతనికి చేతకానిది అదొక్కటే.
రాత్రి రెండుసార్లు లేచి
అంచున కారిన చుక్కని తాకి చూశాడు.
అంటుకుంటోంది.

తెల్లారగట్ల మూడోసారి,
గోరు దిగలేదు.
ఒక్కొక్క క్లాంపూ విప్పాడు.
చెయ్యి వణుకుతూనే ఉంది,
రేకు కదల్లేదు.