గుండుసూదుల లెక్క

సెమిస్టరు మొదట్లో
రెండు డబ్బాల గుండుసూదులిస్తారు నాకు,
రెండొందలు, సంతకం పెట్టించుకుని.
లా కాలేజీ నోటీసు బోర్డు నా చెలక.
పదహారేళ్లుగా దీనిమీదే సేద్యం.

బయట మలోటి కొండలమీద మంచు.
లోపల కిరసనాయిలు హీటరు
మనిషిని ఒక పక్కే కాలుస్తుంది,
రెండో పక్కను మంచుకే వదిలేస్తుంది.

ఈ వారం విత్తినవి:
జొహానెస్‌బర్గ్‌లో మూట్ కోర్టు పోటీ,
జట్టుకు ముగ్గురు, పాస్‌పోర్టు తప్పనిసరి.
మసేరు లాయర్ల ఆఫీసులో ఇంటర్న్‌షిప్,
ఇద్దరికే, నల్లకోటు తప్పనిసరి.
నీటి హక్కులమీద వ్యాసరచన, మూడువేల మాటలు
(మా కొండనీళ్లు గొట్టాల్లో పక్కదేశం పోతాయి,
మా వీధి కుళాయి మాత్రం దగ్గుతుంది).
గురువారం రిటైరైన జడ్జిగారి ఉపన్యాసం,
ఆ తర్వాత టీ, కేకు.
కేకున్న కాగితం దగ్గరే జనం.
దాచేదేముంది, నేనూ వెళ్లాను.

అన్నిటికన్నా కింద, మూలకి,
శనివారం ఉచిత న్యాయసలహా.
భత్యం లేదు. తిండి ఎవరిది వారే.
పేర్ల కోసం పది గీతలు గీశాను,
పదీ ఖాళీ.

హాస్టల్ మొత్తానికి నల్లకోటు ఒక్కటే, థెసెలేది.
ఇప్పటికి అయిదు ఇంటర్వ్యూలకి వెళ్లొచ్చింది,
అయిదు రకాల భుజాలమీద.
ఆ అనుభవానికి కోటుకే
ఎప్పుడో ఉద్యోగం రావాల్సింది.

మొట్లలెపుల మాత్రం
ప్రతి కాగితం చదివేది.
చివరి తేదీల కింద వేలు పెట్టి
పెదాలతో లెక్కేసేది.
వానతో వచ్చిన పిల్ల అని ఆ పేరుకి అర్థం,
నీళ్లమీద వ్యాసం నువ్వే రాయవే అంటే నవ్వింది.
మూట్ కోర్టుకి తయారైంది.
దావా ఏమిటంటే ఒక ఓడ:
సరుకు మునిగింది, ఒప్పందం నోటిమాట,
కాగితం లేదు.
సముద్రమే లేని దేశంలో
నెల్లాళ్లు కారిడార్ పొడవునా
ఆ ఓడ కోసం వాదించింది,
నా తుడుపుకర్రే న్యాయమూర్తి.

పాస్‌పోర్టు పందొమ్మిదిన వచ్చింది.
గడువు పదిహేడు.

ఆమె ఏడవడం నేను చూళ్లేదు.
వచ్చి ఆ పది గీతల్లో
మొదటిదానిమీద పేరు రాసి వెళ్లింది.

శనివారం ఒక్కడే వచ్చాడు.
దుప్పటి కప్పుకున్న గొర్రెలకాపరి,
చీకట్లో బయల్దేరాడట, బూట్లనిండా బురద.
ఏడాది కాస్తే పన్నెండు గొర్రెలన్నాడట ఆసామి,
ఇచ్చింది ఏడు, అందులో ఒకటి కుంటిది.
కాగితముందా అంది.
మాట ఉంది అన్నాడు.

పిల్ల కళ్లు ఎట్లా వెలిగాయో!
ఆ మాట ఎక్కడన్నారు, ఎవరు విన్నారు,
ఆ పూట గాలి ఎటునుంచి వీచింది, అన్నీ అడిగింది.
పెళ్లాం విందట, పొరుగువాడు విన్నాడట,
కుక్క కూడా విందన్నాడు.
కుక్కను మటుకు సాక్షుల్లో రాయలేదు.

రెండు పేజీల నోటీసు తయారైంది.
దారిలో గాలి, వాగు దాటాలి,
తన దగ్గరుంచుకునే నకలు ఎట్లా దాచాలన్నాడు.
ఆమె నావైపు చేయి చాపింది.
ఇచ్చాను, రెండు సూదులు.
అతని గడ్డిటోపీ లోపల, తల తగిలే చోట
కాగితాన్ని గుచ్చి పెట్టింది.

జొహానెస్‌బర్గ్ వెళ్లిన థెసెలే
మూడో బహుమతి తెచ్చాడు,
నాకు హోటల్ సబ్బుబిళ్ల తెచ్చాడు.
అయిదు గొర్రెల సంగతి ఇంకా తెలీదు.

సెమిస్టరు చివర లెక్క అప్పజెప్పాలి.
రెండొందలకి నూట తొంభై ఎనిమిది.
తగ్గినవాటికి కారణం రాయమని ఒక గడి.
తుప్పు అని రాశాను.
కాసేపు చూసి కొట్టేశాను,
ఒక కాపరి టోపీలో ఉన్నాయి, వాడుకలోనే ఉన్నాయి
అని రాశాను.

అకౌంటెంటు ఇంకా ఆ కాగితం
వెనక్కి పంపలేదు.